సోమవారం చప్పుడు

తీగ మీది పాత దూదిని గోటితో గీరి తీసేసి, కొత్త పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతోంది దూదక్క. పోగు లావైతే తీగ మూగబోతుంది, సన్నమైతే కీచుమంటుంది. దారానికి తక్కువ, వెంట్రుకకు ఎక్కువ అన్నట్టు ఉండాలి. ఆ లెక్క ఆమె తలకంటే వేళ్ళకే బాగా తెలుసు. అలాంటి వేళ్ళకు కూడా ఈ పొద్దున పోగు లొంగడం లేదు. పోగు ఒకసారి జారింది, ఇంకోసారి తెగింది. "నీ దుంప తెగ, నిలబడవేం!" అని దూదిని తిట్టి మళ్ళీ మొదలుపెట్టింది.

వంటింట్లోంచి మొగుడి గొంతు వినిపించింది.

"ఏమేవ్, పిండి దిగిందా?"

"ముందు మీరు టీ దించండి. పొంగితే మళ్ళీ నేనే తుడవాలి."

అది ఆయన రోజూ వేసే జోకే. రోజూ వేసినా ఆయనకు రోజూ నవ్వొస్తుంది, అదీ ఆయన అదృష్టం. ఆమె ఒడిలో ఉన్నది పిండి విసిరేది కాదు. చిన్న పిల్లాడంత బరువుండే చెక్కపెట్టె. ఒక చివర తిప్పే పిడి ఉంటుంది. పిడి తిప్పితే లోపల చెక్కచక్రం తిరుగుతుంది, దాని అంచు తీగల్ని రాసుకుంటూ పోతుంది, తీగలు పాడతాయి. ఎడమచేత్తో మీటలు నొక్కితే స్వరాలు మారతాయి. దాని అసలు పేరు హర్డీగర్డీ. ఆ పేరు పలకబోయి నాలుక మడతపడిన మొదటిరోజే మొగుడు దానికి తిరగలి అని పేరు పెట్టేశాడు. ఆమె ఆ మాట గుంపులో చెబితే వాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆనక అందరూ తమ తమ వాద్యాలను తిరగళ్ళనే అనడం మొదలుపెట్టారు.

గుంపంటే ఫోన్లో ఉండే గుంపు. ఈ వాద్యం వాయించేవాళ్ళు ఊరికొకరు దొరికితే గొప్ప. ఇంట్లోవాళ్ళు చెవులు మూసుకుంటారు, పక్కింటివాళ్ళు గోడ బాదుతారు. పాడైతే బాగుచేసే దిక్కుండదు, తీగ తెగితే అమ్మే కొట్టుండదు. అలాంటి ఒంటికాయ శొంఠికొమ్ములందరూ ఎలా పోగయ్యారో పోగయ్యారు. అక్కడ పేర్లతో పనిలేదు. ఎవరి పని వాళ్ళ పేరు. బస్సు నడిపే ఆయన బస్సన్న. బడిలో పాఠాలు చెప్పే ఆవిడ టీచరమ్మ. ఆస్పత్రిలో పనిచేసే అమ్మాయి నర్సమ్మ. తిరగళ్ళు చేసే పెద్దాయన మేస్త్రి. పరుపుల కార్ఖానాలో దూది ఏకే ఈమె దూదక్క.

రోజూ పొద్దున వీలున్నవాళ్ళు నాలుగు తిప్పులు తిప్పి, ఆ ముక్కను రికార్డు చేసి గుంపులో పెడతారు. 'బాగుంది' అని ఊరుకోవడం అక్కడ మర్యాద కాదు. బాగోనిది ఏదో ఒకటి వెతికి చెప్పాలి, సరిచేసుకునే దారి కూడా చెప్పాలి. అదే ప్రేమ వాళ్ళ దృష్టిలో. ఇక సోమవారం సాయంత్రం అందరూ వీడియోలో కూర్చుని వంతులవారీగా వాయిస్తారు. ఆ సాయంత్రం కోసం దూదక్క వారమంతా బతుకుతుంది అంటే అందులో అబద్ధమేమీ లేదు. పిల్లలు లేని ఇల్లు, మాటలు వినబడని కార్ఖానా, జోకులు తప్ప మాటలు రాని మొగుడు. ఆమె వాయించేది ఎవరైనా కూర్చుని, చెవి ఒగ్గి, చివరిదాకా విన్నది ఆ గుంపులోనే.

ఆ గుంపు ఇప్పుడు చెయ్యి జారిపోతుందేమోనని ఆమె భయం. కారణం ఒక చప్పుడు.

వానలు మొదలైన రోజుల్లో వచ్చింది అది. అంతకుముందు ఆమె ఫోన్లో రికార్డు చేస్తే పాట బావిలోంచి వచ్చినట్టుండేది. బస్సన్న ఊరుకోలేక బొత్తామంత మైకు ఒకటి కొని పోస్టులో పంపాడు, మెడ దగ్గర బట్టకు తగిలించుకునేది. దాంతో పాట తేటపడింది. తేటపడిన పాట వెనకాల ఇంకేదో వినబడింది. గర్‌ర్... గర్‌ర్... ఎండుటాకుల్ని ఎవరో కాళ్ళతో మెల్లగా తోస్తున్నట్టు. వాయించేటప్పుడు చక్రం హోరులో ఆమెకు తెలిసేది కాదు, తర్వాత రికార్డు వింటేనే తెలిసేది.

"మైకుదే తప్పయ్యుంటుంది, నా మొహం మండ" అని బస్సన్న నొచ్చుకుని ఇంకో మైకు పంపాడు. చప్పుడు పోలేదు. తేమ పట్టి ఉంటుందని టీచరమ్మ తేమను పీల్చే పొట్లాలు పంపింది. చక్రానికి రాసే రోజిన్ జిగురు ఎక్కువైందేమో చూడమంది నర్సమ్మ. 'కుక్క' వదులైందేమో అన్నాడు మేస్త్రి. కుక్కంటే తీగ కింద వదులుగా నిలబెట్టే చిన్న చెక్కముక్క, చక్రాన్ని విసురుగా తిప్పితే అది బుర్రుమంటుంది. ఆమె కుక్కను బిగించింది, విప్పింది, చివరికి తీసి పక్కన పెట్టింది. "కుక్కను కట్టేసినా మొరుగుతోందా? అయితే దొంగ ఇంట్లోనే ఉన్నాడే" అని మొగుడు నవ్వాడు. తీగలు మారాయి, దూది మారింది. చప్పుడు మాత్రం మారలేదు.

పైగా దానికొక వింత గుణం. ఆదివారం దాదాపు వినిపించదు. సోమవారం సాయంత్రానికి రంపంలా లేస్తుంది. "మీ తిరగలికి సోమవారమంటే పడదు దూదక్కా, అచ్చం మా బడి పిల్లల్లాగే" అంది టీచరమ్మ. అందరూ నవ్వారు. దూదక్క కూడా నవ్వబోయి ఆగింది. ఎందుకంటే మేస్త్రి నవ్వలేదు. "చక్రం బీటవారి ఉంటే ఇలాగే ఒకరోజు ఉండి ఒకరోజు పోతుంది. పాత చక్రాలతో అదే భయం" అన్నాడు ఆయన. బీటవారితే ఏం చెయ్యాలి అని ఆమె అడిగింది. పెట్టె విప్పాలి, విప్పితే ఆ పాత చెక్క మళ్ళీ అతుక్కుంటుందని తాను మాట ఇవ్వలేనని చెప్పాడు.

అప్పట్నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. తిరగలి లేని మనిషికి తిరగళ్ళ గుంపులో ఏం పని? ఉండనిస్తారు, వాళ్ళు మంచివాళ్ళు. పొద్దున్నే పలకరిస్తారు. కానీ ఏం వినిపించాలని వాళ్ళ మధ్య కూర్చోవాలి? నిన్న మేస్త్రి కబురు పెట్టాడు, రేపు సాయంత్రం మీ తిరగలిని మొదట నేనే వింటాను, తేల్చేస్తాను అని. ఆ రేపు ఇదిగో, ఇవాళే.

పోగు కుదిరింది. నాలుగు తిప్పులు తిప్పి రికార్డు చేసి, విందామా వద్దా అని ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది. వింది. గర్‌ర్... గర్‌ర్... ఇవాళ పొద్దున్నే, ఎన్నడూ లేనంత గట్టిగా. దాన్ని గుంపులో పెట్టకుండా ఫోన్ బోర్లించేసి, దొంగతనం చేసినదానిలా చుట్టూ చూసి, తిరగలి మీద పాత దుప్పటి కప్పి పనికి బయల్దేరింది. మెట్ల మలుపు దగ్గర చెప్పు సరిచేసుకునే నెపంతో ఆగింది. ఈమధ్య ఆ చెప్పు రోజూ అక్కడే వదులవుతోంది.

*

కార్ఖానాలో పొద్దున మొదట వినిపించేది ఏకే మిషన్ గర్జన. పాత పరుపులు వస్తాయి, కుట్లు విప్పుతారు, లోపల రాయిలా గడ్డకట్టిన దూదిని గుప్పిళ్ళతో పీకి మిషన్ నోట్లో పెడతారు. ముళ్ళ రోలర్లు దాన్ని చీల్చి అవతలివైపు మేఘంలా ఊదుతాయి. ఆ నూగు గాలంతా ఎగురుతుంది. కిటికీ జల్లెడ మీద, ఫ్యాను రెక్కల మీద, కనుబొమ్మల మీద, టీ గ్లాసు అంచు మీద అంతా తెలుపే. కొత్తగా వచ్చినవాళ్ళు మూడు రోజులు దగ్గుతారు, నాలుగో రోజు మానేస్తారు, దగ్గో పనో ఏదో ఒకటి. దూదక్క ఏదీ మానలేదు. నాన్న పోయిన ఏడు ఈ గడప ఎక్కింది, అప్పటికి జడకు రిబ్బను కట్టుకునే వయసు. ఇప్పుడు ఆ జడ పొద్దున నల్లగానూ సాయంత్రం తెల్లగానూ ఉంటోంది, దులిపితే కూడా సగమే నల్లబడుతోంది.

ఈ మిషన్ దగ్గరే ఆమెకు తిరగలి దొరికింది. ఒక ముసలాయన నెలకోసారి వచ్చి గుప్పెడు దూది అడిగేవాడు. పరుపుకు కాదు, దిండుకూ కాదు. ఎందుకు తాతా అంటే నవ్వేవాడు. ఒకరోజు చెక్కపెట్టెను చంకనపెట్టుకుని వచ్చి ఆ మిషన్ పక్కనే కూర్చుని వాయించాడు. హోరులో ఏమీ వినబడలేదు, ఆయన చెయ్యి తిరగడమే కనబడింది. కరెంటు పోయింది. మిషన్ ఆగింది. అప్పుడు వినబడింది పాట. దూదక్క చేతిలో దూది చేతిలోనే ఉండిపోయింది. తర్వాతి ఏడు ఆయన వేళ్ళు వంకర్లు పోయాయి. పెట్టె తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి, "నీకు దూది తెలుసు. సగం విద్య వచ్చినట్టే. మిగతా సగం వీళ్ళు నేర్పుతారు" అని ఆమె ఫోన్లో గుంపును చూపించి వెళ్ళిపోయాడు.

నిజంగానే నేర్పారు. ఆమె కూడా వట్టి చేతులతో పోలేదు. అప్పటిదాకా వాళ్ళంతా మందుల షాపు దూది చుట్టుకుని తీగల్ని ఏడిపించుకుంటున్నారు. దూదక్క మిషన్లోంచి వచ్చే తొలి విడతలో పొడుగు పోగుల్ని ఏరి, కవర్లలో పెట్టి అందరికీ పంపింది. "ఇది దూది కాదమ్మా, పట్టు" అన్నాడు మేస్త్రి. ఇప్పుడు గుంపులో ప్రతి తిరగలి మీదా ఆమె ఏరిన దూదే ఉంది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు నడుం నిటారుగా అయ్యేది.

ఇవాళ ఆ తలపు కూడా పని చెయ్యలేదు. గుప్పిళ్ళు మిషన్‌కు అందిస్తోందే కానీ మనసంతా ఆ పెట్టె దగ్గరే ఉంది. బీట ఎక్కడ ఉంటుంది? అంచున ఉంటుందా, ఇరుసు దగ్గరా? తాను ఎప్పుడైనా కింద పెట్టేటప్పుడు తగిలించిందా? పోయిన వానల్లో కిటికీ పక్కన పెట్టి మరిచిపోయిన రోజు గుర్తొచ్చింది. మొహానికి కట్టుకున్న గుడ్డ ఉక్కపోసి గడ్డం కిందికి లాగేసింది. ఓనరు మాస్కులు తెచ్చి ఇచ్చాడు కానీ, అవి పెట్టుకుంటే గాలి ఆడదని అన్నీ మేకుకు వేలాడుతున్నాయి, నూగు పట్టి.

పరుపులు కుట్టే వదిన పక్కన కూర్చుని టీ తాగుతూ ఆమె వైపు వింతగా చూసింది. చుట్టరికమేమీ లేదు, ఒకే గదిలో ఇన్నేళ్ళు పనిచేస్తే అలా వరసలు కలిసిపోతాయి.

"ఏంటి వదినా, పరుగెత్తుకొచ్చినదానిలా ఆయాసపడుతున్నావు? కూర్చునే ఉన్నావుగా."

"సోమవారం కదా. నిన్న సెలవు. ఒళ్ళు ఇంకా పనిలో పడలేదు."

"అదే నాకూను. సోమవారం వస్తే గుండెల మీద ఎవరో బండరాయి పెట్టినట్టుంటుంది. మంగళవారానికి వాడే తీసేస్తాడు." వదిన నవ్వబోయి దగ్గింది. "మీ ఆయనకు చెప్పి డాక్టరు దగ్గరికి పోరాదూ?"

"ముందు ఆ పెట్టె సంగతి తేలనీ. అది బాగుపడితే నేను బాగుపడినట్టే."

వదిన తల అడ్డంగా ఊపింది. ఈ మనిషికి ఆ చెక్కముక్క మీద ఉన్న బెంగ తన మీద లేదని విసుక్కుంటూ సూది అందుకుంది. దూదక్క మిషన్ దగ్గరికి పోయింది. మధ్యాహ్నం పోగులు ఏరుతూ, బస్సన్నకు దూది అయిపోయిందన్న మాట గుర్తొచ్చి ఒక కవరు విడిగా పక్కన పెట్టింది. ఈ సాయంత్రం తర్వాత తాను గుంపులో ఉన్నా లేకున్నా ఆయనకు దూది మాత్రం అందాలి అనుకుంది. అనుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూగు పడిందని రుద్దుకుంది.

*

సాయంత్రం మొగుడు ముందే వచ్చాడు. పరుపులు చేరవేసే వ్యాను నడుపుతాడు ఆయన. సోమవారాలు మాత్రం ఏదో వంకతో త్వరగా వచ్చి, వంటింటి గడప మీద కూర్చుని ఉల్లిపాయలు కోస్తున్నట్టు నటిస్తూ పాట వింటాడు. నటిస్తున్నాడని ఆమెకు తెలుసు. తెలుసని ఆయనకు తెలియదు.

దూదక్క మంచం మీద కూర్చుని దుప్పటి తీసి తిరగలిని ఒళ్ళోకి తీసుకుంది. మైకు మెడ దగ్గర తగిలించుకుంది. ఫోన్‌ను గోడకు ఆనించింది. ఒక్కొక్కరే తెర మీదికి వచ్చారు. బస్సన్న ఇంకా యూనిఫాంలోనే ఉన్నాడు. టీచరమ్మ వెనకాల దిద్దని పరీక్ష పేపర్ల గుట్ట. నర్సమ్మ ఇప్పుడే డ్యూటీ దిగినట్టుంది, జుట్టు రేగిపోయి ఉంది. మేస్త్రి తన పనిబల్ల ముందు కూర్చుని, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు.

"దూదక్కా, అలా మొహం వేలాడేస్తే ఎలా? పరీక్ష రాసేది తిరగలి, నువ్వు కాదు" అన్నాడు బస్సన్న.

"నా ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి అన్నా. నవ్వించకు."

"భయపడకండమ్మా" అన్నాడు మేస్త్రి. "ఏదైనా ఒక దారి ఉంటుంది. చక్రం పోతే చక్రం చేస్తాను. పెట్టె పోతే పెట్టె చేస్తాను. మిమ్మల్ని వదిలేస్తామా?"

ఆ మాటకు ఆమెకు ఏడుపు ఆగలేదు. చెంపలు తుడుచుకుని పిడి పట్టుకుంది.

"నెమ్మదిగా తిప్పండి. శ్రుతి ఒక్కటే. మీటలు ముట్టుకోవద్దు."

తిప్పింది. శ్రుతి లేచి గది నిండింది. అందరి మొహాలూ ఒక్కసారిగా వంగాయి, చెవులు మాత్రమే బతికున్నట్టు. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. గర్‌ర్... గర్‌ర్... ఇంత గట్టిగా మునుపెన్నడూ వినలేదని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి.

"ఇంకొంచెం వేగంగా తిప్పండి" అన్నాడు మేస్త్రి. వేగం పెంచింది. ఆయన నుదురు ముడిపడింది. "చక్రం వేగం పెరిగితే చప్పుడూ పెరగాలే... పెరగలేదు. ఇప్పుడు బాగా నెమ్మదిగా." తగ్గించింది. "తగ్గలేదు. ఇదేంటి?" ఆయన తనలో తాను గొణుక్కున్నాడు. దూదక్క పిడి వదలకుండా ఆయన మొహమే చూసింది. ఇంతటి మేస్త్రికే అంతుపట్టకపోతే ఇక దిక్కెవరు అనుకుంది.

"అమ్మా, ఆపండి. చక్రం ఆపేయండి. చెయ్యి తీసేయండి."

ఆపింది. పిడి మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. శ్రుతి అణిగి అణిగి ఆగిపోయింది. గదిలో ఏ పాటా లేదు.

గర్‌ర్... గర్‌ర్...

బస్సన్న మొహంలో నవ్వు ఎక్కడో దారి తప్పినట్టుంది. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి హెడ్‌ఫోన్లను రెండు చేతులతో అదిమి పట్టుకుని, కళ్ళు తెరిచి తెర వైపు చూశాడు. దూదక్కకు ఇంకా అర్థం కాలేదు. తిరగలి వైపు చూసింది, చక్రం కదలడం లేదు. తీగను వేలితో ముట్టుకుంది, వణకడం లేదు.

"ఏమైంది మేస్త్రీ? బీటేనా? చెప్పండి, నేను తట్టుకుంటాను."

ఆమె మాట్లాడుతున్నంతసేపూ చప్పుడు మాటల మధ్య ఇరుక్కుంది. మాట ఆగగానే మళ్ళీ మొదలైంది. అప్పుడు తెలిసింది ఆమెకు. చెయ్యి మెల్లగా మెడ దగ్గరి మైకు మీదికి, అక్కడినుంచి గుండెల మీదికి జారింది. అరచేతి కింద గరగరలాడుతోంది. చిన్నప్పటి నుంచీ ఎరిగిన ఇల్లే, లోపల ఎవరో ఉన్నారని ఇప్పుడే తెలిసినట్టు పై ప్రాణాలు పైనే పోయాయి.

"అక్కా" అంది నర్సమ్మ. "నేను వార్డులో రోజూ వినే చప్పుడు అక్కా ఇది. రోజూ వింటాను. తిరగలిలోంచి వస్తోందనుకుని... రోజిన్ తగ్గించమన్నాను నేను. నా చెవులు కాల్చ!" కళ్ళు తుడుచుకుని గొంతు మార్చుకుంది. "మీ గోళ్ళు ఫోన్‌కు దగ్గరగా చూపించండి. ఇంట్లో ఎవరున్నారు?"

గోళ్ళు నేరేడుపండు రంగులో ఉన్నాయి. మొగుడు గడప మీంచి లేచి వచ్చాడు, చేతిలో ఉల్లిపాయతోనే.

"ఏంటమ్మా, ఏమంటున్నారు? ఈ చప్పుడా?" ఆయన అందరి మొహాలూ చూశాడు. "దీని గురించా ఇన్నాళ్ళూ మీరంతా తలలు బద్దలు కొట్టుకుంటున్నది? నన్నడిగితే మొదటిరోజే చెప్పేవాణ్ణి కదా. ఇది దీని ఊపిరి. రాత్రిళ్ళు ఇలాగే ఉంటుంది. ఎప్పట్నుంచో ఇంతే. ఇది వినబడితేనే నాకు నిద్ర పడుతుంది, పక్కనే ఉందిలే అని." మాట పూర్తయ్యేసరికి ఆయనకే భయం వేసింది. "ఏం, ఇలా ఉండకూడదా?"

"బావగారూ, ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అంది నర్సమ్మ. "రేపు కాదు, బట్టలు మార్చుకుని కాదు, ఇప్పుడే. ఫోన్ పెట్టేయొద్దు. మేమంతా ఇక్కడే ఉంటాం."

దూదక్క లేవబోయింది, కాళ్ళు నిలవలేదు. తిరగలిని ఒళ్ళోంచి మంచం మీదికి దించి, ఆయన మెడ పట్టుకుంది. మెట్ల మలుపు దగ్గర ఆమె చెప్పు సర్దుకోలేదు. ఆయనే ఎత్తుకుని దిగాడు. ఇంత తేలికైపోయిందేంటని ఆయన గుండె జారిపోయింది కానీ, పైకి మాత్రం, "దూదిలా ఉన్నావే" అన్నాడు.

వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోన్‌ను అద్దం ముందు నిలబెట్టాడు. మైకు ఇంకా ఆమె మెడ దగ్గరే ఉంది. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. బళ్ళు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. ఆయన హారను మీద చెయ్యి తియ్యడం లేదు.

"అక్కా, కంగారుపడి గబగబా పీల్చకండి" అంది నర్సమ్మ ఫోన్లోంచి. "మేస్త్రీ, మీరు శ్రుతి తిప్పండి. నెమ్మదిగా, ఎంత నెమ్మదిగా వీలైతే అంత. అక్కా, దాంతోపాటు లోపలికి... దాంతోపాటు బయటికి."

మేస్త్రి తిప్పాడు. బస్సన్న కలిపాడు. టీచరమ్మ కలిపింది. ఎవరి ఊళ్ళో వాళ్ళు, ఎవరి గదిలో వాళ్ళు, అందరూ ఒక్క శ్రుతి పట్టుకుని నిలబడ్డారు. ఆ తీగలన్నిటి మీదా ఆమె ఏరిన దూదే ఉంది. దూదక్క కళ్ళు మూసుకుని ఆ శ్రుతి వెంట ఊపిరి తీసుకోవడానికి తంటాలు పడింది. భయం పోలేదు. ఆయన చేతిని గోళ్ళు దిగేలా పట్టుకునే ఉంది.

"ఏమండీ."

"మాట్లాడకే, ఊపిరి ఖర్చు."

"చక్రం పగల్లేదటండీ."

"పగల్లేదు. బ్రహ్మాండంగా ఉంది."

"దుప్పటి కప్పలేదు నేను."

"వచ్చాక కప్పుదువులే."

ఆమె నవ్వినట్టే అనిపించింది ఆయనకు. సిగ్నల్ పడింది, బళ్ళు కదిలాయి, రెండు చేతులూ కావాల్సి వచ్చి ఆయన తన చేతిని విడిపించుకున్నాడు. ఆస్పత్రి బోర్డు కనబడేదాకా ముందుకే చూశాడు. ఫోన్లో శ్రుతి సాగుతూనే ఉంది.

మలుపు తిరుగుతుండగా బస్సన్న కేకేశాడు.

"చప్పుడు పోయింది! దూదక్కా, విన్నావా? చప్పుడు పోయింది!"

టీచరమ్మ చక్రం ఆగింది. బస్సన్నదీ ఆగింది. నర్సమ్మ, "బావగారూ... బండి ఆపకండి, లోపలికి పోనివ్వండి" అంది, చాలా మెల్లగా. మేస్త్రి మాత్రం ఆపలేదు. ఆస్పత్రివాళ్ళు వచ్చి ఆమెను స్ట్రెచర్ మీద తీసుకుపోయేదాకా, తీసుకుపోయాక ఖాళీ సీటు ముందు కూడా, ఆ పెద్దాయన శ్రుతి తిప్పుతూనే ఉన్నాడు.

తర్వాతి సోమవారం సాయంత్రం మొగుడు త్వరగా ఇంటికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు, ఆయనకే ఏం చెయ్యాలో తోచలేదు. ఫోన్ తెరిస్తే అందరూ ఉన్నారు. పలకరింపులు లేవు. ఒక్కొక్కరే వాయించారు. దూదక్క వంతు వచ్చినప్పుడు దాన్ని దాటెయ్యలేదు, ఒక పాట పట్టేంతసేపు అందరూ చక్రాల మీంచి చేతులు తీసి కూర్చున్నారు. ఆయన ఏదో అనబోయాడు, ఒక్క జోకూ రాలేదు. ఫోన్‌ను మంచం వైపు తిప్పి పట్టుకున్నాడు.

మంచం మీద తిరగలి ఉంది, దుప్పటి కప్పకుండా. పిడి, ఆమెను ఆపమన్న చోటే ఆగి ఉంది. తీగ మీద ఆమె ఆ పొద్దున చుట్టిన దూది, ఇంకా తెల్లగానే.